కోరంగి అంటే ఏ కోరంగి?

*గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక ఊరు. అదే పేరుతో కరాచీలో ఒక పేట, పగడాల సముద్రంలో రెండు దీవులు, అమరకోశంలో ఒక సుగంధ ద్రవ్యం. ఇందులో మన చుట్టాలెవరు?*

ఉదయం తొమ్మిది దాటింది. పోటు అయిపోయి పాటు మొదలైంది. చెక్క బాట కింద నీళ్లు దిగేకొద్దీ బురద బయటపడుతోంది. ఆ బురదలో పెన్సిళ్లు గుచ్చిపెట్టినట్టు వేల వేర్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. కింద గాలి అందక మడచెట్లు పైకి పంపుకున్న ముక్కులవి. బొటనవేలంత చేప ఒకటి నీళ్లతో పనేముందన్నట్టు ముందు రెక్కల మీద కుంటుకుంటూ బురదలో నడిచిపోతోంది. పక్కనే చిన్న పీత ఒకటి తన ఒంటికంటే పెద్దదైన ఎర్ర డెక్కను ఎత్తి, దింపి, మళ్లీ ఎత్తి ఎవరినో పిలుస్తోంది.

నా ముందు ఒక కుటుంబం నడుస్తోంది. పదేళ్ల పిల్లాడి చేతిలో నాన్న ఫోను. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

“నాన్నా, కోరంగి పాకిస్తాన్‌లో ఉందంట!”

తండ్రి ఫోను లాక్కుని చూశాడు. పిల్లాడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన పేరుకు తెర మీద కరాచీ నగరం పరుచుకుంది. వీధులు, ఫ్యాక్టరీలు, ఉర్దూ బోర్డులు. పడవ దగ్గరున్న కుర్రాడికి ఇదేం కొత్త కాదులా ఉంది.

“ఆయ్, అది వేరే కోరంగండి. మాది తాళ్లరేవు కోరంగి.”

ఇంటికొచ్చాక నేనూ వెతికాను. మొదట కరాచీయే వచ్చింది. తర్వాత ఆస్ట్రేలియా. ఆ తర్వాత మారిషస్. ఏలకుల దాకా వెళ్లేసరికి సాయంత్రమైంది.

రెండు పేర్లతో ఒక ఊరు

అసలు ఇక్కడే రెండు పేర్లున్నాయి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఊరి పేరు కోరంగి. అభయారణ్యం పేరు కోరింగ. తెలుగువాడు కోరంగి అన్నది ఇంగ్లీషువాడి నోట్లో మలుపు తిరిగి ‘కోరింగా’ అయింది. దాన్ని మళ్లీ తెలుగు లిపిలోకి దించుకునేసరికి కోరింగ అని రెండో పేరు పుట్టింది. మన పిల్లాడే పట్నంలో చదువుకుని యాస మార్చుకుని ఇంటికొచ్చినట్టు.

ఆ పేరెలా వచ్చిందో చెప్పడానికి ముగ్గురు పోటీపడతారు. కళింగ అన్న మాటే అరిగి కోరంగి అయిందన్నది పాత ఇంగ్లీషు నిఘంటుకారుల ఊహ. కురంగం అంటే జింక, మాయలేడి వేషంలో వచ్చిన మారీచుడు పడింది ఇక్కడేనన్నది స్థలపురాణం. మూడోవాళ్లు ఏలకులంటారు. ఆ సంగతి బాక్సులో చూడండి. సప్తగోదావరి లెక్కలో ఆత్రేయ పాయ సముద్రంలో కలిసేది కోరంగి దగ్గర. పక్కనే తుల్యభాగ కలిసేది చొల్లంగిలో. పుష్య బహుళ అమావాస్యకు జనం మునిగేది అక్కడే. దాని పేరే చొల్లంగి అమావాస్య. చొల్లంగి, కోరంగి అని పక్కపక్క ఊళ్లకు ఒకే తోక ఉన్నప్పుడు కళింగ దాకా పోవడమెందుకని నా అనుమానం. నేను భాషా శాస్త్రవేత్తను కాను, అది వేరే మాట.

> ఏలక్కాయ కూడా కోరంగే!
> అమరకోశంలో చిన్న ఏలకులకు చెప్పిన పేర్లలో ‘కోరంగి’ ఒకటి. తుత్థ, త్రిపుట, త్రుటి దాని తోబుట్టువులు. ఆ త్రుటే మన ‘త్రుటిలో తప్పింది’లోనూ ఉంది. కాలంలో అతి చిన్న ముక్కకూ, గింజల్లో అతి చిన్న దానికీ ఒకటే మాట. మద్రాసు ప్రభుత్వం వేయించిన పాత పదకోశం ఊరి పేరుకు ఇదే అర్థం చెప్పింది. చిక్కల్లా ఏలకులు పడమటి కనుమల నీడలో పండే పంట కావడమే. ఉప్పునీటి బురదలో అవి మొలవవు. ఓడల్లో వచ్చి ఇక్కడ దిగి ఉంటాయా అని అడిగితే, దిగే ఉంటాయి. రేవులో దిగిన ప్రతి సరుకూ ఊరికి పేరు పెట్టదు కదా.

ఓడలు పుట్టిన రేవు

ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు కానీ, కలకత్తాకూ సింహళంలోని త్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలు లోపలికి రాగలిగిన రేవు ఇదొక్కటేనని ఇంగ్లీషువాళ్లు రాసుకున్నారు. ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, యానాంలో పరాసులు, జగన్నాథపురంలో ఒలందావాళ్లు కొట్లు పెట్టుకుని కూర్చున్నారంటే, అందరి కళ్లూ ఈ నదీముఖం మీదే. బట్టల మూటలు ఇక్కణ్నుంచే ఎక్కేవి. దెబ్బతిన్న ఓడలు బాగుచేయించుకోవడానికి ఇక్కడికే వచ్చేవి. బ్రిటిష్ రాజ నౌకాదళం ఓడల మరమ్మతు కోసం 1802లో ఇక్కడొక గోదీ కట్టారు.

మరమ్మతే కాదు, కొత్త ఓడలూ ఇక్కడ తయారయ్యేవి. ఆ పనితనం పూర్తిగా పోలేదు. తాళ్లరేవు చుట్టుపక్కల ఇప్పటికీ చెక్క పడవలు కడతారు. పక్కటెముకల్లాంటి దుంగలు నిలబెట్టి, వాటికి పలకలు బిగించి, సందుల్లో పీచు కుక్కి, పైన పూత పూస్తారు. పడవ ఒడ్డున సగం కట్టి ఉన్నప్పుడు చూడాలి. ఏదో పెద్ద జంతువు అస్థిపంజరం ఏటి గట్టున ఎండుతున్నట్టుంటుంది. ఇలాంటి గట్టు నుంచి వెళ్లిన పేరే ఒకటి సగం భూగోళం అవతల ఇసుక దిబ్బకు అంటుకుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఈ రేవును ముంచిన రెండు ఉప్పెనల సంగతి.

తుపానుకు పేరు పెట్టిన ఊరు

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతున్నప్పుడు టీవీల ముందు కూర్చున్నవాళ్లంతా ఆ పేరేమిటి, ఎవరు పెట్టారని చర్చించుకున్నారు. థాయిలాండ్ ఇచ్చిన పేరు, పువ్వు పేరు అని తెలిసి మరీ నవ్వుకున్నారు. ఒక్కో తుపానుకు పేరు పెట్టడం నిన్నమొన్నటి ముచ్చట. ఇంగ్లీషులో ఆ జాతి మొత్తానికీ ‘సైక్లోన్’ అని పేరు పెట్టిన మనిషి కాగితాల్లో మాత్రం మన కోరంగి ఉంది.

ఆయన హెన్రీ పిడింగ్టన్. ఒకప్పుడు వర్తక నౌకల కెప్టెన్, తర్వాత కలకత్తాలో ఉద్యోగి. తుపానులో చిక్కిన ఓడల దినచర్య పుస్తకాలన్నీ పోగేసి, ఏ గంటకు గాలి ఎటు తిరిగిందో పోల్చి చూశాడు. గాలి తిన్నగా వీయడం లేదు, చుట్టలు చుడుతోందని తేల్చాడు. పాము చుట్టను గుర్తుచేసే గ్రీకు మాట తీసుకుని సైక్లోన్ అన్నాడు. నావికుల కోసం 1848లో వేసిన పుస్తకంతో ఆ మాట లోకమంతా పాకింది.

1789 డిసెంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన ఆయన చెప్పిన ఉదాహరణల్లో ఒకటి. సముద్రం పోటు మీద ఉన్న వేళ మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది రేవులో ఉన్న ఓడలను ఒడ్డుకు విసిరి ఊళ్లోకి నీళ్లు తెచ్చింది. రెండోది పల్లపు నేలంతా ముంచింది. మూడోదానికి ఇక మిగిలిందేమీ లేదు. ఓడలు కొన్ని యానాం వైపు మైదానాల్లో తేలాయి. పోయినవాళ్లు 20 వేలన్నది అప్పటి లెక్క. నీళ్లు తీశాక ఇసుకా ఒండ్రూ గుట్టలుగా మిగిలిపోయి, శవాలను వెతకడానికి కూడా వీల్లేకపోయిందట.

1853లో పిడింగ్టన్ ఇదంతా గవర్నర్ జనరల్ డల్హౌసీకి రాశాడు. బెంగాల్‌లో మాత్లా నది మీద కొత్త రేవు కట్టబోతున్నారు, అక్కడా ఇలాగే ఉప్పెన వస్తుంది, వద్దు అని. వినలేదు. పోర్ట్ కానింగ్ అని కట్టారు. 1867లో తుపాను దాన్ని ఊడ్చేసింది. అప్పటికి పిడింగ్టన్ లేడు.

> మూడు లక్షలా?
> 1839 నవంబరు 25న కోరంగికి మరో ఉప్పెన వచ్చింది. 40 అడుగుల ఎత్తున నీళ్లు లేచాయని, 3 లక్షల మంది పోయారని, 20 వేల నావలు ధ్వంసమయ్యాయని ప్రపంచంలోని ఘోర తుపానుల జాబితాలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నాయి. ఉప్పెన నిజం, విధ్వంసం నిజం. 3 లక్షలన్న అంకెను మాత్రం ఈ వ్యాస రచయిత నమ్మలేడు. చిన్న పడవలన్నీ కలిపినా 20 వేల నావలు ఈ ఏటి మూతిలో పట్టవు.

1839 తర్వాత కోరంగి మళ్లీ పెద్ద రేవుగా తల ఎత్తుకోలేదు. తప్పంతా ఉప్పెనదే కాదు. గోదావరి ఏటా తెచ్చిపోసే ఒండ్రు నదీముఖాన్ని పూడ్చుకుంటూ వచ్చింది. అదే ఇసుక సముద్రంలో నాలుకలా సాగి, పదహారు కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అయింది. దాని చాటున కాకినాడకు ప్రశాంతమైన రేవు దొరికింది. ఒకే ఇసుక ఒక ఊరిని పూడ్చి ఇంకో ఊరిని కాపాడింది. పెద్ద ఓడలు కాకినాడకు మళ్లాయి. కోరంగికి పేరు మిగిలింది.

మనుషులకే ఊరి పేరు

ఆ పేరు మాత్రం ఓడలెక్కి తిరిగింది.

1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీలను తీసుకెళ్లారు. బానిసత్వం రద్దయింది, తోటల యజమానులకు చేతులు కావాలి. ఇక్కడ చూస్తే 1830ల్లో కరువు. కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు ‘కొరంగీ’లన్నారు. ఎక్కడ పుట్టావని అడగలేదు, ఎక్కడ ఓడెక్కావని చూశారు. విశాఖ నుంచి వచ్చినవాడైనా, గంజాం నుంచి వచ్చినవాడైనా కొరంగీయే. దిగగానే గుమాస్తా పుస్తకంలో రాసుకున్నది మనిషి పేరు, తండ్రి పేరు. అలా తండ్రి పేరే ఇంటిపేరై తరాలు నడిచింది. భాష చాలా ఇళ్లలో జారిపోయింది. సింహాద్రి అప్పన్న జారిపోలేదు. రామభజనం, అమ్మోరు పండుగ జారిపోలేదు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు.

బర్మాలోనూ అదే తంతు. రంగూన్‌ను ‘రంగం’ అని పిలిచిన రోజుల్లో ‘రంగం పోయాడు’ అన్న మాట గోదావరి నుంచి శ్రీకాకుళం దాకా ప్రతి పల్లెలో వినిపించేది. కాకినాడలో స్టీమరెక్కి వెళ్లినా సరే, అక్కడి రికార్డుల్లో తెలుగు కూలీ పేరు కొరంగీయే. రేవు చచ్చిపోయి తరాలు గడిచినా పేరు చావలేదు. వరి మిల్లులు, రిక్షాలు, రేవులో మూటల మోత వాళ్లవి. 1930 మే నెలలో జీతం పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె కట్టారు. కంపెనీలు బర్మావాళ్లను పనిలోకి తీసుకున్నాయి. సమ్మె తెగి తెలుగువాళ్లు తిరిగొచ్చేసరికి బర్మావాళ్లను పొమ్మన్నారు. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకి వందకు పైగా ప్రాణాలు తీసింది. రెండు వైపులా చచ్చింది కూలీలే.

1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది అడవుల్లో పడి అస్సాం, మణిపూర్ దాకా నడిచారు. 1960ల్లో సైనిక ప్రభుత్వం వచ్చాక మిగిలినవాళ్లలో చాలామంది తిరుగు ఓడెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అని ఒక పేట ఉంది. అక్కడ వాళ్లు కొరంగీలు, ఇక్కడ బర్మావాళ్లు. ఎటు వెళ్లినా అవతలి ఒడ్డు పేరే.

ప్యాకెట్ మునిగింది, పేరు తేలింది

ఇందాక ఇసుక దిబ్బకు అంటుకుందన్న పేరు ఒక ఓడది. పేరు ‘కోరింగా ప్యాకెట్’. పాల ప్యాకెట్ గుర్తొస్తే మన తప్పు కాదు కానీ, ఆ రోజుల్లో ప్యాకెట్ అంటే ఉత్తరాలూ ప్రయాణికులనూ చేరవేసే నౌక. 1843లో కోరంగి నుంచి తెలుగువాళ్లను మారిషస్‌కు తీసుకెళ్లిన ఓడ పేరు ఇదేనని అక్కడి తెలుగువాళ్ల చరిత్ర చెబుతుంది. 1845లో ఆ పేరున్న ఓడే ఆస్ట్రేలియాకు ఈశాన్యాన పగడాల సముద్రంలో దిబ్బకు కొట్టుకుని పగిలిపోయింది. ఆ చోట ఉన్న రెండు చిన్న దీవులకు కోరింగా దీవులని పేరొచ్చింది. ఒకదానికి ఓడ కెప్టెన్ పేరు కూడా అంటించారు, చిల్కాట్ దీవి అని.

ఎవరూ ఉండని ఇసుకదిబ్బలవి. పక్షులు, పీతలు, గుడ్లు పెట్టడానికి వచ్చే పచ్చ తాబేళ్లు. 1982లో ఆస్ట్రేలియా ప్రభుత్వం చుట్టుపక్కల దీవులతో కలిపి ‘కోరింగా-హెరాల్డ్’ పేరుతో రక్షిత ప్రాంతం చేసింది. ఇక్కడ హోప్ ఐలాండ్ ఇసుకలో శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. అక్కడ పచ్చ తాబేళ్లు. ఇక్కడి పేరున్న అడవికీ రక్షణ, అక్కడి పేరున్న దీవికీ రక్షణ. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు.

నా లెక్క ఇక్కడ తేలింది. ఓడ వెళ్లినచోట ఉన్న పేరు మనది. ఓడ వెళ్లనిచోట అది వట్టి శబ్దం.

పేరు కలిసిన పరాయివాళ్లు

ఆ లెక్కన కరాచీ కోరంగి మనకేమీ కాదు. నేలతీరు చూస్తే మాత్రం మతిపోతుంది. అదీ ఒక మహానది ముఖమే, సింధు డెల్టా అంచు. కోరంగి క్రీక్ అని ఉప్పునీటి పాయ. దాని గట్టునా మడ అడవులే. సింధు డెల్టాలో ఎక్కువగా కనిపించే మడచెట్టు, మన కోరంగిలోనూ దండిగా ఉన్న అవిసీనియా మెరీనాయే. ఊళ్లు చుట్టాలు కావు, చెట్లు అచ్చంగా చుట్టాలు.

బ్రిటిష్ వాళ్ల చివరి రోజుల్లో ఆ క్రీక్ నీళ్ల మీద విమానాలు దిగేవి. లండన్ నుంచి తూర్పుదేశాలకు వెళ్లే నీటి విమానాలకు అదొక మజిలీ. దేశ విభజన తర్వాత గుడిసెల్లో తలదాచుకున్న లక్షల మంది శరణార్థుల కోసం అయూబ్ ఖాన్ ప్రభుత్వం 1959 ప్రాంతంలో అక్కడ కొత్త పట్నం కట్టించింది. ప్రణాళిక గీసింది డోక్సియాడిస్ అనే గ్రీకు వాస్తుశిల్పి. ఇప్పుడది పెద్ద పారిశ్రామికవాడ, ఏకంగా జిల్లా పేరు. వార్తల్లో రోజూ ఉంటుంది. ఫోనులో ముందుగా వచ్చేది అందుకే. నెట్‌లో పెద్దరికం వయసును బట్టి రాదు, రద్దీని బట్టి వస్తుంది.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఇంకో తమాషా. ముర్రే నది సముద్రంలో కలిసేచోట ఇసుక తిన్నెల వెనక వంద కిలోమీటర్లకు పైగా సాగిన ఉప్పుకయ్య ఉంది. పేరు కూరంగ్. అక్కడి ఆదివాసులు ఙారిన్జెరీల భాషలో ఆ మాట ‘కురంగ్క్’, అంటే సన్నని మెడ. మన కురంగానికీ దానికీ ఏ సంబంధం లేదు. అక్కడా నదీముఖం పూడికే తలనొప్పి. పైన నీళ్లన్నీ పొలాలకు తోడేసుకుంటే 1981లో ముర్రే నోరు మొదటిసారి పూర్తిగా మూసుకుపోయింది. తర్వాత ఏళ్ల తరబడి యంత్రాలతో ఇసుక తోడి తెరిచి ఉంచాల్సి వచ్చింది. మన కోరంగి రేవుకు ఆ యంత్రాలు అందుబాటులో లేని కాలంలో మూతపడే రాత పడింది.

మడ నీడలో

1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్లలో ఇప్పుడు రాజ్యం బావురు పిల్లిది. అది చేపలు పట్టుకునే పిల్లి. నీళ్లంటే భయపడదు, రాత్రి పూట వేట. దాన్ని చూద్దామని వెళ్లిన పదిమందిలో తొమ్మిదిమంది చూడకుండానే వస్తారు. నేను ఆ తొమ్మిదిమందిలో ఒకణ్ని. బురదలో దాని అడుగులు మాత్రం చూశాను, పువ్వు అచ్చు వేసినట్టు. నీటికుక్కలు మాత్రం మొహమాటపడవు. కుటుంబంతో సహా ఏట్లో తల ఎత్తి మనల్ని చూసి పోతాయి.

పడవలో వెళ్తుంటే తిల్ల చెట్టు కొమ్మ విరవొద్దని కుర్రాడు హెచ్చరించాడు. పాలు కంట్లో పడితే చూపు పోతుందట. మండపీతలు పట్టేవాళ్లు బోనులు సర్దుకుంటున్నారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు పడవలు పోతున్నాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఆ రెండు ఊళ్ల మత్స్యకారులను ఎక్కువగా పొట్టన పెట్టుకుంది. మడ దట్టంగా ఉన్న ఊరికి గాలీ కెరటమూ కాస్త మెత్తబడి తగులుతాయని తీరంలో పెద్దవాళ్లు చెబుతారు. పరిశోధకులు చెప్పేదీ అదే. చేపల చెరువుల కోసం మడ కొట్టేసిన చోట్ల ఆ మెత్తదనం ఉండదు.

చూడటానికి వెళ్లేవాళ్లకు రెండు మాటలు. పాటు వేళ చూసుకుని వెళ్లండి. బురద బయటపడితేనే ఆ అడవిలో సగం కనిపిస్తుంది. ఇంకొకటి, ఫోనులో దారి అడిగేటప్పుడు కోరంగి పక్కన తాళ్లరేవు అని కూడా కొట్టండి.